బొగ్గు గనిలో రేడియో మాట: మాడ్యులేషన్ పద్ధతుల ఎంపిక చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:

- ఎ.ఎం., ఎస్.ఎస్.బి., ఎఫ్.ఎం., డిజిటల్ మాడ్యులేషన్ పద్ధతులు ఏ అవసరాల నుంచి పుట్టాయో చెప్పగలుగుతారు.
- ఒకే ఊరిలో వేర్వేరు పనులకు వేర్వేరు పద్ధతులు ఎందుకు స్థిరపడ్డాయో వివరించగలుగుతారు.
- భూగర్భ గని వంటి కఠినమైన చోటుకు రేడియో వ్యవస్థను ఎంచుకునేటప్పుడు ఏ ప్రశ్నలు వేసుకోవాలో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

మీలో కొందరు రామగుండం, గోదావరిఖని ప్రాంతం నుంచే ఈ కోర్సు చదువుతూ ఉండవచ్చు. మీ ఇంట్లో ఎవరో ఒకరు సింగరేణిలో పనిచేస్తూ ఉండవచ్చు, లేదా పనిచేసి విశ్రాంతి తీసుకుని ఉండవచ్చు. ఈ ప్రాంతంలో గనిని 'బాయి' అంటారు. 'బాయిలకు పోయిండు' అంటే మనిషి షిఫ్టుకు దిగాడని అర్థం. అతను దిగిన క్షణం నుంచి తిరిగి పైకి వచ్చేదాకా పైనున్నవారికీ అతనికీ మధ్య మాట ఎలా నడుస్తుంది? ఈ పాఠంలోని చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ముందుగా ఒక మౌలిక విషయాన్ని గుర్తు చేసుకుందాం. మన మాటలోని కంపనాలు సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య ఉంటే చాలు, అవతలివారికి అర్థమవుతుంది. ఇంత తక్కువ పౌనఃపున్యాన్ని నేరుగా యాంటెన్నా నుంచి పంపడం ఆచరణలో సాధ్యం కాదు. అందుకని ఎక్కువ పౌనఃపున్యం గల ఒక వాహక తరంగాన్ని తీసుకుని, దానిపై మాటను ఎక్కిస్తాం. ఈ ఎక్కించే పనినే మాడ్యులేషన్ అంటారు. వాహక తరంగానికి కంపన పరిమితి, పౌనఃపున్యం, దశ అని మూడు లక్షణాలు ఉంటాయి. వీటిలో దేన్ని మార్చి మాటను ఎక్కించాలన్నదే ఎంపిక.

పాఠ్యపుస్తకాల్లో ఈ ఎంపికను తరచు ఒక పట్టికగా చూపిస్తారు. ఏ పద్ధతికి ఎంత బ్యాండ్‌విడ్త్, ఎంత శక్తి అన్నది అందులో ఉంటుంది. ఆ పట్టిక అవసరమే. కాని ఏ పద్ధతీ అన్నిచోట్లా మంచిది కాదన్న విషయం పట్టికలో కనిపించదు. అది చరిత్రలో కనిపిస్తుంది.

2. ఒకే ఊరు, నాలుగు పద్ధతులు

సింగరేణి చరిత్రను క్లుప్తంగా చూద్దాం. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించారు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల హక్కులు పొందింది. 1920లో ఆ కంపెనీ సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. రామగుండం ప్రాంతంలో తవ్వకాలు 1960ల ఆరంభంలో మొదలయ్యాయి. తరువాత ఓపెన్‌కాస్ట్ గనులు, 1983లో గోదావరిఖని 7వ ఇంక్లైన్‌లో లాంగ్‌వాల్ యంత్రాలు వచ్చాయి. బొగ్గు ఆధారంగా 1978లో ఎన్.టి.పి.సి. రామగుండం విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1983లో అక్కడి మొదటి 200 మెగావాట్ల యూనిట్ ఉత్పత్తి ప్రారంభించింది.

ఇప్పుడు ఈ ఊరి గాలిలోనూ, తీగలలోనూ ఉన్న తరంగాలను గమనించండి.

ఒకటి, కార్మికుల క్వార్టర్లలో మోగిన ట్రాన్సిస్టర్ రేడియో. ఆకాశవాణి హైదరాబాదు 'ఎ' కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద మీడియం వేవ్‌లో ప్రసారం చేస్తుంది. ఇది ఎ.ఎం., అంటే కంపన పరిమితిని మార్చే పద్ధతి.

రెండు, విద్యుత్ కేంద్రం నుంచి బయలుదేరే హై టెన్షన్ లైన్లు. ఒక సబ్‌స్టేషన్ మరొక సబ్‌స్టేషన్‌తో మాట్లాడడానికి ఆ విద్యుత్ తీగలనే వాడుకునే పద్ధతిని పవర్ లైన్ క్యారియర్ అంటారు. ఇది సుమారు 40 నుంచి 500 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీలో, ఎస్.ఎస్.బి. పద్ధతిలో నడుస్తుంది.

మూడు, వాకీటాకీలు. రైల్వే గార్డు చేతిలోనూ, పోలీసు చేతిలోనూ, ఓపెన్‌కాస్ట్ గనుల వంటి పెద్ద పనిస్థలాల్లోనూ కనిపించేవి. వి.హెచ్.ఎఫ్. పట్టీలో పనిచేసే ఈ సెట్లు ప్రధానంగా ఎఫ్.ఎం. సెట్లు.

నాలుగు, మీ జేబులోని ఫోను. భారతదేశంలో మొబైల్ సేవలు 1995లో మొదలయ్యాయి. అప్పటి జి.ఎస్.ఎం. ఫోన్లు జి.ఎం.ఎస్.కె. అనే డిజిటల్ పద్ధతిని వాడాయి.

మరి ఒకే ఊరిలో నాలుగు పద్ధతులు ఎందుకు? వీటిలో ఒకటి మంచిదైతే మిగిలిన మూడింటినీ ఎందుకు వదిలేయలేదు? వరుసగా చూద్దాం.

3. రేడియోకు ముందు: గంట, తీగ, నిప్పురవ్వ

రేడియో రాకముందు గనుల్లో సంకేతం అంటే గంటే. ఇంక్లైన్‌లో టబ్బులను లాగే హాలేజి ఇంజన్ పైన ఉంటుంది, టబ్బులు కింద ఉంటాయి. కింది మనిషి తీగ లాగితే లేదా రెండు తీగలను కలిపితే పైన గంట మోగుతుంది. కదులుతున్నప్పుడు ఒక్క గంట మోగితే 'ఆపు' అని అర్థం. మిగిలిన ఆజ్ఞలకు ఎక్కువ గంటలు ఉంటాయి.

దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి. ఇది కూడా ఒక మాడ్యులేషన్ పద్ధతే. 'ఉంది', 'లేదు' అన్న రెండు స్థితులతో సందేశం పంపడమే నేటి డిజిటల్ పద్ధతులకు మూలం. అన్నిటికన్నా అత్యవసరమైన సందేశానికి అన్నిటికన్నా చిన్న సంకేతం ఇవ్వడం కూడా గమనించండి. చేయి వణుకుతున్నా, ఊపిరి ఆడకపోయినా ఒక్కసారి తీగ లాగగలిగితే చాలు. ఆ జాగ్రత్త ఇందులో ఉంది.

విద్యుత్ గంటలు వచ్చాక ఇంకొక ప్రమాదం బయటపడింది. 1913 అక్టోబరు 14న బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో సెంగెనిడ్ గనిలో జరిగిన పేలుడులో 439 మంది కార్మికులు మరణించారు. పేలుడుకు కారణమై ఉండవచ్చని అనుమానించిన వాటిలో విద్యుత్ సంకేత వ్యవస్థలో పుట్టే నిప్పురవ్వ ఒకటి. బ్యాటరీతో నడిచే మామూలు గంట తీగల రవ్వ కూడా మీథేన్‌ను అంటించగలదని ఆ కాలపు ప్రయోగాలు నిరూపించాయి. గాలిలో మీథేన్ సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే అది పేలుతుంది.

ఆ పరిశోధనల నుంచి పుట్టినదే 'అంతర్గత భద్రత' అనే సూత్రం. పరికరంలో ఏ లోపం వచ్చినా, ఏ తీగ తెగినా, వెలువడే రవ్వకు మీథేన్‌ను అంటించేంత శక్తి ఉండకూడదు. నేడు మన దేశంలో భూగర్భ బొగ్గు గనుల్లో వాడే విద్యుత్ పరికరాలకు ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఆమోదం అవసరం కావడం వెనుక ఈ అనుభవం ఉంది.

మన అంశానికి దీనితో సంబంధం ఏమిటి? అంతర్గత భద్రత అంటే బ్యాటరీ నుంచి తీసుకోగల విద్యుత్తుకు పరిమితి. పరిమితమైన శక్తితో ఎంత దూరం మాట పంపగలమన్నది మాడ్యులేషన్ పద్ధతి మీద ఆధారపడుతుంది. 1913 నాటి ఆ నిప్పురవ్వ నేటి రేడియో సెట్ రూపకల్పనలో కూడా ఒక హద్దుగా నిలిచి ఉంది.

4. ఎ.ఎం., ఎస్.ఎస్.బి.: పొదుపు లెక్క

1900 డిసెంబరులో అమెరికాలో రెజినాల్డ్ ఫెసెండెన్ కంపన పరిమితిని మార్చే పద్ధతిలో మనిషి గొంతును సుమారు ఒక మైలు దూరం పంపారు. ఎ.ఎం.కు ఉన్న గొప్ప సుగుణం రిసీవర్ తేలిక కావడం. ఒక్క డయోడ్‌తో మాటను విడదీయవచ్చు. ఒక ప్రసార కేంద్రానికి లక్షలాది శ్రోతలు ఉన్నప్పుడు, ఖర్చంతా కేంద్రం భరించి శ్రోత సెట్‌ను చవకగా ఉంచడం సమంజసం. మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని చాలా దూరం వెళుతుంది. కాబట్టి హైదరాబాదు నుంచి బొగ్గు ప్రాంతం దాకా 'కార్మికుల కార్యక్రమం' వినిపించడానికి అది తగిన ఎంపిక.

అయితే ఎ.ఎం.లో వృథా ఎక్కువ. పూర్తి స్థాయిలో మాడ్యులేట్ చేసినప్పటికీ మొత్తం శక్తిలో మూడింట రెండు వంతులు ఏ సమాచారమూ లేని వాహక తరంగానికే పోతుంది. మిగిలిన ఒక వంతు రెండు సైడ్ బ్యాండ్‌లలో ఉంటుంది. ఆ రెండింటిలోనూ ఉన్నది ఒకే మాట.

1915లో జాన్ కార్సన్ ఈ విషయాన్ని గణితంతో గమనించి, వాహక తరంగాన్నీ, ఒక సైడ్ బ్యాండ్‌నూ తీసేసి పంపే పద్ధతికి పేటెంట్ దరఖాస్తు చేశారు. అదే సింగిల్ సైడ్ బ్యాండ్, అంటే ఎస్.ఎస్.బి. 3 కిలోహెర్ట్జ్ మాటకు ఎ.ఎం. 6 కిలోహెర్ట్జ్ తీసుకుంటే ఎస్.ఎస్.బి. 3తో సరిపెడుతుంది. 1927లో మొదలైన అట్లాంటిక్ రేడియో టెలిఫోన్ ఈ పద్ధతినే వాడింది.

మరి వాకీటాకీలకు కూడా ఎస్.ఎస్.బి. ఎందుకు వాడలేదు? ఒక చిన్న లెక్క చేద్దాం. ఎస్.ఎస్.బి.లో వాహక తరంగాన్ని రిసీవర్ తానే తయారు చేసుకోవాలి. అది అసలు పౌనఃపున్యానికి కొన్ని పదుల హెర్ట్జ్‌ల కన్నా ఎక్కువ తేడాగా ఉంటే గొంతు వింతగా మారిపోతుంది. స్ఫటిక ఆసిలేటర్‌లో పది లక్షలకు 5 వంతుల తేడా ఉందనుకోండి. పవర్ లైన్ క్యారియర్‌లో 100 కిలోహెర్ట్జ్ వద్ద ఆ తేడా అర హెర్ట్జ్ మాత్రమే. 150 మెగాహెర్ట్జ్ వాకీటాకీలో అదే తేడా 750 హెర్ట్జ్ అవుతుంది. మాట అర్థం కాదు. కాబట్టి గది ఉష్ణోగ్రతలో, గోడకు బిగించిన పరికరంలో, తక్కువ పౌనఃపున్యంలో ఎస్.ఎస్.బి. చక్కగా పనిచేసింది. ఎండలో, దుమ్ములో, నడుముకు తగిలించుకునే సెట్‌కు అది సరిపోలేదు.

5. ఎఫ్.ఎం.: పారేసిన ఆలోచన తిరిగి రావడం

ఇదే కార్సన్ 1922లో ఎఫ్.ఎం. గురించి ఒక వ్యాసం రాశారు. పౌనఃపున్యాన్ని కొద్దిగా మాత్రమే మారిస్తే బ్యాండ్‌విడ్త్ ఆదా అవుతుందని అప్పట్లో కొందరు ఆశపడ్డారు. ఆ ఆశ తప్పని ఆయన గణితంతో చూపించారు. ఆ గణితం సరైనదే. కాని దాని నుంచి చాలామంది తీసుకున్న సారాంశం 'ఎఫ్.ఎం. పనికిరాదు' అన్నది.

ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రశ్ననే తిప్పి అడిగారు. బ్యాండ్‌విడ్త్ తగ్గించడం కాదు, పెంచితే ఏమవుతుంది? 1933లో ఆయన పేటెంట్లు పొందారు. 1935 నవంబరులో న్యూయార్క్‌లో రేడియో ఇంజనీర్ల ఎదుట రొద లేని ప్రసారాన్ని వినిపించారు. మెరుపులు, మోటార్ల రవ్వలు వంటివి ప్రధానంగా తరంగం కంపన పరిమితిని చెదరగొడతాయి. ఎఫ్.ఎం.లో సందేశం కంపన పరిమితిలో ఉండదు. కాబట్టి రిసీవర్‌లోని లిమిటర్ అనే భాగం ఆ హెచ్చుతగ్గులను కోసివేయగలదు. పైగా పౌనఃపున్యం మార్పు ఎంత విశాలంగా ఉంటే మాట అంత శుభ్రంగా వస్తుంది.

1940లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్ర పోలీసుల కోసం డేనియల్ నోబుల్ రూపొందించిన రెండువైపులా మాట్లాడుకునే ఎఫ్.ఎం. వ్యవస్థ నడిచింది. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు ట్యాంకుల్లోనూ, వీపున మోసే ఎస్.సి.ఆర్-300 సెట్‌లోనూ ఎఫ్.ఎం.నే వాడారు. ఇంజను రవ్వల రొద మధ్య మాట వినిపించడమే అక్కడి అవసరం. యుద్ధం తరువాత ప్రపంచమంతటా సంచార రేడియోకు ఎఫ్.ఎం. స్థిరపడింది.

ఎఫ్.ఎం.లో ఇంకొక లాభం ఉంది. తరంగం కంపన పరిమితి మారదు కాబట్టి ట్రాన్స్‌మిటర్‌లో సి-తరగతి ఆంప్లిఫయర్ వాడవచ్చు. ఇది బ్యాటరీ శక్తిలో ఎక్కువ భాగాన్ని రేడియో శక్తిగా మారుస్తుంది. బ్యాటరీకి పరిమితి ఉన్న గని సెట్‌కు ఇది నేరుగా పనికొచ్చే గుణం.

దీనికి చెల్లించే మూల్యం బ్యాండ్‌విడ్త్. కార్సన్ పేరుతోనే ఉన్న సూత్రం ప్రకారం, ఎఫ్.ఎం. బ్యాండ్‌విడ్త్ సుమారుగా పౌనఃపున్యపు గరిష్ఠ మార్పు, మాటలోని గరిష్ఠ పౌనఃపున్యం, ఈ రెండింటి మొత్తానికి రెట్టింపు. మార్పు 5 కిలోహెర్ట్జ్, మాట 3 కిలోహెర్ట్జ్ అయితే 16 కిలోహెర్ట్జ్ కావాలి. అందుకే 25 కిలోహెర్ట్జ్ ఛానళ్ళు ఇచ్చారు. తరువాత వాడకందారులు పెరిగి ఛానల్ 12.5 కిలోహెర్ట్జ్‌కు తగ్గినప్పుడు మార్పును 2.5 కిలోహెర్ట్జ్‌కు కుదించారు. అప్పుడు 11 కిలోహెర్ట్జ్ సరిపోతుంది. కాని మార్పు సగమైతే రొదపై ఉన్న ఆధిక్యం నాలుగో వంతుకు పడిపోతుంది. స్థలం ఆదా చేస్తే శుభ్రత తగ్గుతుంది.

6. నేల కింద: తరంగమే నడవని చోటు

ఓపెన్‌కాస్ట్ గనిలో పైన ఆకాశం ఉంటుంది. భూగర్భ గనిలో అది లేదు. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల ప్రకారం బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో గ్యాలరీ వెడల్పు సాధారణంగా 4.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు మించరాదని ఉండేది. 150 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 2 మీటర్లు. ఇంత ఇరుకైన దారిలో ఆ తరంగాన్ని గోడలు త్వరగా మింగేస్తాయి.

1968 నవంబరులో అమెరికాలోని ఫార్మింగ్టన్ గనిలో 78 మంది మరణించిన తరువాత అక్కడి బ్యూరో ఆఫ్ మైన్స్ గని రేడియోపై విస్తృతంగా పరిశోధనలు చేయించింది. ఎమ్స్‌లీ, లగాస్, స్ట్రాంగ్ అనే ముగ్గురు 1975లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం బొగ్గు గని గ్యాలరీ పరిమాణానికి సుమారు 500 నుంచి 1,000 మెగాహెర్ట్జ్ మధ్య నష్టం తక్కువ. అయితే మూల తిరిగిన చోట నష్టం చాలా ఎక్కువ. స్తంభాలు వదులుతూ తవ్వే గనిలో మూలలకు కొదవ ఉండదు.

దీనికి పరిష్కారంగా వచ్చినది లీకీ ఫీడర్. పై తొడుగులో కావాలని సందులు వదిలిన కేబుల్‌ను గ్యాలరీ పొడవునా కడతారు. తరంగం కేబుల్ లోపల ప్రయాణిస్తూ దారి పొడవునా కొంచెం కొంచెం బయటికి కారుతుంది. బెల్జియం, బ్రిటన్ బొగ్గు గనుల్లో 1960, 70 దశకాల్లో ఇది అభివృద్ధి చెందింది. మనిషి నడుస్తుంటే కేబుల్ దగ్గర సంకేతం అడుగడుగునా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఎ.ఎం. అయితే ఈ హెచ్చుతగ్గులు మాటలోకి చొరబడతాయి. ఎఫ్.ఎం.లో లిమిటర్ వాటిని చదును చేస్తుంది. దానికి తోడు లోడర్లు, హాలేజి మోటార్లు, స్విచ్చుల రవ్వల రొద. ఈ కారణాలన్నీ ఎఫ్.ఎం. వైపే మొగ్గాయి.

7. ఎఫ్.ఎం. చెప్పని ఖరీదు

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఇంతవరకు చూసినదాని ప్రకారం గనికి ఎఫ్.ఎం. తిరుగులేని ఎంపికలా కనిపిస్తుంది. కాని దానికి రెండు లక్షణాలు ఉన్నాయి. మామూలు రోజుల్లో అవి లాభాలు. ఆపద రోజున అలా ఉండకపోవచ్చు.

మొదటిది, పట్టు గుణం. ఒకే ఛానల్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎఫ్.ఎం. రిసీవర్ బలమైన సంకేతాన్ని పట్టుకుని బలహీనమైనదాన్ని దాదాపు పూర్తిగా అణచివేస్తుంది. రోజువారీ పనిలో ఇది మంచిదే, గొంతులు కలగాపులగం కావు. కాని బలమైన సెట్ ఉన్నవాడు పైన ఇంక్లైన్ నోటి దగ్గర ఉంటాడు. బలహీనమైన సంకేతం లోపల దూరంగా చిక్కుకున్నవాడిది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే లోపలివాడు మాట్లాడాడన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

విమానాల రేడియోతో దీన్ని పోల్చండి. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ పట్టీలో విమానాలు ఈనాటికీ ఎ.ఎం. వాడుతున్నాయి. పాత పరికరాలతో పొంతన ఒక కారణం. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎ.ఎం.లో ఈల వంటి శబ్దం వినిపించి, ఇంకెవరో పిలుస్తున్నారని తెలియడం ఇంకొక లాభం. రొద ఎక్కువైనా అక్కడ ఎవరి గొంతూ పూర్తిగా మాయం కాదు.

రెండవది, గడప గుణం. వాహక తరంగం రొద కన్నా సుమారు 10 డెసిబెల్స్ పైన ఉన్నంతవరకు ఎఫ్.ఎం. శుభ్రంగా ఉంటుంది. ఆ గడప దిగితే మాట ఒక్కసారిగా కూలిపోతుంది. ఎ.ఎం., ఎస్.ఎస్.బి.లలో మాట క్రమంగా క్షీణిస్తుంది. చెవి ఒగ్గి వింటే ఒకటి రెండు పదాలైనా దొరుకుతాయి.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు మరణించారు. అంతకుముందు 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలో నీరు చొరబడి 375 మంది మరణించారు. ఇటువంటి ఘటనల్లో నిమిషాలే లెక్క. కేబుళ్ళు తెగవచ్చు, కరెంటు ఆగవచ్చు. రోజూ చక్కగా పనిచేసే వ్యవస్థ ఆ నిమిషాల్లో పనిచేస్తుందా అన్న ప్రశ్నను ఎంపిక చేసేవారు ముందే వేసుకోవాలి. మాడ్యులేషన్ ఎంపిక చివరికి ఎవరి గొంతు వినిపించాలన్న నిర్ణయం కూడా అవుతుంది.

8. రాతి గుండా సందేశం

గనిలోని తీగలన్నీ తెగితే మిగిలేది రాయి ఒక్కటే. అధిక పౌనఃపున్యాలు రాతిలో వెంటనే ఆగిపోతాయి. తక్కువ పౌనఃపున్యాలు కొంత దూరం వెళతాయి. 100 ఓమ్-మీటర్ల నిరోధకత గల రాతిలో 1 కిలోహెర్ట్జ్ తరంగం సుమారు 160 మీటర్లు వెళ్ళేసరికి దాని తీవ్రత 37 శాతానికి తగ్గుతుంది. తగ్గినా అక్కడిదాకా అందుతుంది.

కాని 1 కిలోహెర్ట్జ్ వాహక తరంగంపై 3 కిలోహెర్ట్జ్ మాటను ఎక్కించలేం. కాబట్టి మాటను వదులుకోవాలి. నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరంగా, చాలా ఇరుకైన పట్టీలో సంకేతం పంపాలి. పట్టీ ఇరుకైతే అందులో పడే రొద కూడా తక్కువ. ఆస్ట్రేలియాలో అభివృద్ధి చేసిన పి.ఇ.డి. అనే వ్యవస్థ ఇలా భూమి గుండా చిన్న సందేశాలను కార్మికుల క్యాప్ ల్యాంపుకు చేరుస్తుంది. 1998 నవంబరులో అమెరికాలోని విల్లో క్రీక్ గనిలో మంటలు వచ్చినప్పుడు ఈ హెచ్చరిక అంది, కార్మికులు సురక్షితంగా బయటపడ్డారు. ఇది ప్రధానంగా పైనుంచి కిందికి పంపే సందేశం. కింది మనిషి దగ్గర పెద్ద యాంటెన్నా, పెద్ద శక్తి ఉండవు కాబట్టి అతని జవాబు పైకి రావడం చాలా కష్టం.

2006 జనవరిలో అమెరికాలోని సాగో గనిలో పేలుడు తరువాత లోపలివారితో సంబంధం తెగిపోయి 12 మంది మరణించారు. ఆ ఏడాదే అక్కడ చేసిన చట్టం ప్రమాదం తరువాత కూడా నిలిచే రెండువైపుల సమాచార వ్యవస్థ ఉండాలని నిర్దేశించింది.

ఈ దశలో మీరు 3వ విభాగంలోని గంటను గుర్తు చేసుకోవచ్చు. ఆపద ఎంత తీవ్రమైతే సంకేతం అంత సరళం కావాలన్నది పాత హాలేజి గంట నేర్పిన పాఠమే.

9. డిజిటల్ కాలం: పాత ప్రశ్న, కొత్త పేర్లు

డిజిటల్ పద్ధతులు వచ్చాక ఎంపిక తేలికైందా? ఐరోపా ప్రమాణాల్లోని రెండు పద్ధతులను పోల్చండి. 2005లో వచ్చిన డి.ఎం.ఆర్. నాలుగు స్థాయిల ఎఫ్.ఎస్.కె. వాడుతుంది. కంపన పరిమితి మారదు. 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌లో రెండు సంభాషణలు నడుస్తాయి. 1990లలో వచ్చిన టెట్రా దశను మార్చే పద్ధతి వాడి 25 కిలోహెర్ట్జ్‌లో నాలుగు సంభాషణలు నడుపుతుంది. బ్యాండ్‌విడ్త్ లెక్కలో రెండూ సమానమే. కాని టెట్రాలో కంపన పరిమితి మారుతుంది కాబట్టి సరళరేఖీయ ఆంప్లిఫయర్ కావాలి. అది బ్యాటరీని ఎక్కువగా తింటుంది. అంతర్గత భద్రత హద్దుల్లో ఉండాల్సిన సెట్‌కు ఈ తేడా ముఖ్యం.

కార్మికుల జాడ తెలుసుకోవడానికి, మీథేన్ కొలతలు పంపడానికి మన దేశంలో ధన్‌బాద్‌లోని కేంద్ర గనుల, ఇంధన పరిశోధన సంస్థ జిగ్‌బీ ఆధారిత వైర్‌లెస్ వ్యవస్థలపై పనిచేసింది. జిగ్‌బీ 2.4 గిగాహెర్ట్జ్ వద్ద ప్రతి 4 బిట్లను 32 చిప్పుల వరుసగా విస్తరించి పంపుతుంది. కొన్ని చిప్పులు చెడినా సందేశం నిలబడుతుంది. విస్తృత పట్టీని ఇచ్చి రొదను గెలవడమన్న ఆర్మ్‌స్ట్రాంగ్ ఆలోచన ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది.

డిజిటల్ వ్యవస్థల్లో గడప ఇంకా నిటారుగా ఉంటుంది. సందేశం వస్తే స్పష్టంగా వస్తుంది, లేకపోతే అసలు రాదు. అయితే చిన్న సందేశాన్ని మళ్ళీ మళ్ళీ పంపి, అందినట్టు జవాబు వచ్చేదాకా ఆగకుండా ఉండే సౌలభ్యం డిజిటల్‌కు ఉంది.

10. మీరే ఎంపిక చేయవలసి వస్తే

ఒక గని సమాచార విభాగంలో మీరు పనిచేస్తున్నారనుకోండి. ఈ క్రమంలో ప్రశ్నలు వేసుకోండి.

1. తరంగం ఏ దారిలో వెళుతుంది? ఆకాశమా, కేబులా, గ్యాలరీనా, రాయా? పౌనఃపున్యాన్ని దారి నిర్ణయిస్తుంది. మాడ్యులేషన్‌కు ఎంత పట్టీ దొరుకుతుందో పౌనఃపున్యం నిర్ణయిస్తుంది.
2. అక్కడి రొద ఎటువంటిది? రవ్వల రొద అయితే కంపన పరిమితిని నమ్ముకోకండి.
3. శక్తి ఎంత ఉంది? బ్యాటరీకి హద్దు ఉంటే స్థిర కంపన పరిమితి గల పద్ధతులు మేలు.
4. పంపవలసినది ఏమిటి? మాటా, కొలతా, ఒక్క హెచ్చరికా?
5. సంకేతం బలహీనపడినప్పుడు వ్యవస్థ ఎలా ప్రవర్తిస్తుంది? ఇద్దరు ఒకేసారి పిలిస్తే ఏమవుతుంది?

చాలా చోట్ల మొదటి నాలుగు ప్రశ్నలతోనే ఎంపిక ముగుస్తుంది. అయిదవదాన్ని కూడా అడిగితే, ఒకే పద్ధతి చాలదని తెలుస్తుంది. రోజువారీ మాటకు ఒకటి, కొలతలకు ఇంకొకటి, ఆపదకు వేరొకటి కావాలి. అత్యవసర పిలుపుకు విడిగా ఒక ఛానల్ ఉంచడం, పైవారు మాట్లాడడం ఆపి కొంతసేపు వినే క్రమశిక్షణ పాటించడం కూడా ఈ ఎంపికలో భాగాలే. ఎఫ్.ఎం. పట్టు గుణాన్ని పరికరంతో తీసేయలేకపోయినా, పద్ధతితో దాని హానిని తగ్గించవచ్చు.

సారాంశం

ఎ.ఎం. చవకైన రిసీవర్ కోసం, ఎస్.ఎస్.బి. శక్తి, పట్టీల పొదుపు కోసం, ఎఫ్.ఎం. రొదను గెలవడం కోసం, డిజిటల్ పద్ధతులు ఎక్కువమందికి నమ్మకంగా సందేశం చేర్చడం కోసం స్థిరపడ్డాయి. ఒకదాని రాకతో మరొకటి పూర్తిగా పోలేదు, ఎందుకంటే ఒక్కొక్కటి ఒక్కొక్క దారికి, రొదకు, అవసరానికి తగినది. భూగర్భ గనిలో మీథేన్, ఇరుకు దారులు, రాయి ఈ ఎంపికను మరింత కఠినం చేస్తాయి. అక్కడ మంచి పద్ధతిని మామూలు రోజు పనితీరుతో మాత్రమే కాక, లోపల చిక్కుకున్న మనిషి బలహీనమైన పిలుపుకు అది ఎంత చోటిస్తుందన్న దానితో కూడా తూచాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పౌనఃపున్యపు గరిష్ఠ మార్పు 4 కిలోహెర్ట్జ్, మాటలోని గరిష్ఠ పౌనఃపున్యం 3 కిలోహెర్ట్జ్ అయితే కార్సన్ సూత్రం ప్రకారం బ్యాండ్‌విడ్త్ ఎంత?
2. పవర్ లైన్ క్యారియర్‌కు తగిన ఎస్.ఎస్.బి. పద్ధతి వి.హెచ్.ఎఫ్. వాకీటాకీలకు ఎందుకు సరిపోలేదు?
3. 'పట్టు గుణం', 'గడప గుణం' అంటే ఏమిటి? గని ప్రమాద సమయంలో వాటి ప్రభావాన్ని వివరించండి.
4. మీ ప్రాంతంలో వాడుకలో ఉన్న ఏవైనా రెండు రేడియో వ్యవస్థలను తీసుకుని, 10వ విభాగంలోని అయిదు ప్రశ్నల ఆధారంగా వాటి ఎంపికను చర్చించండి.